పిల్లల పద్ధతి

ఇంటి కంప్యూటర్‌తో చెప్పనిదే పొయ్యి కూడా వెలగని రోజులవి. పాత ఆపరేటింగ్ సిస్టమ్ చీటికీమాటికీ ప్రశ్నలు వేస్తోందని సుభాషిణి విసుక్కుంటే, భర్త వీర్రాజు అన్నిటికన్నా తేలికైనది ఏరి తెచ్చి పెట్టాడు. నిజంగానే అది ఆమెను ఏమీ అడగలేదు. మా ఆయన ఎంత మంచి మనిషో అని ఆమె వీధంతా చెప్పుకుంది.

ఒకరోజు చెల్లెలు హైమ ఏడుస్తూ వచ్చింది. "అమ్మ నిన్ను కలవరిస్తూనే పోయిందే అక్కా! ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తవేం?"

సుభాషిణి కంప్యూటర్‌ని నిలదీసింది.

"బాధపెట్టే ఫోన్లు నీకివ్వకూడదు పాపా. నాన్నగారు వద్దన్నారు," అంది అది ముద్దుగా.

"నాన్నగారెవరు?"

తెర మీద వీర్రాజు ఫొటో వచ్చింది.

"నీకు సులువుగా ఉంటుందని కంప్యూటర్‌లో పిల్లల పద్ధతి పెట్టానే," అన్నాడు పక్కగదిలోంచి వచ్చిన వీర్రాజు నసుగుతూ. "నువ్వు తట్టుకోలేవని ఆ ఫోన్లు ఆపించాను."

సుభాషిణి చెల్లెలి చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరికి నడిచింది. తలుపు తెరుచుకోలేదు.

"నాన్నగారు సరేనంటేనే పాపా."

"సరే," అన్నాడు వీర్రాజు తల దించుకుని. తలుపు తెరుచుకుంది.

"రాత్రికి వంట మీరే చేసుకోండి," అంది సుభాషిణి. "ఈ ఇంట్లో పొయ్యికి కూడా మీ మాటంటేనే లెక్క."