గాజుల తెలుగు

“పానీ అను. ఒక్కసారి అను, ఇస్త,” అన్నాడు ఫకీర్ మహమ్మద్, నీళ్ల గ్లాసు అందకుండా వెనక్కి పట్టుకుని.

మంచం మీద సుల్తానా బేగం ఎండిన పెదవులు తడుపుకుంది. “నీళ్లు,” అంది.

“నీళ్లు కాదు. పానీ.”

“నీళ్లు... ఇయ్యి.”

“ఎందుకు సతాయిస్తున్నవ్ చాచా ఆమెను?” ప్రేమలత గ్లాసు లాక్కుని తాగించింది. పక్షవాతంతో మాట పోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పడం ఆమె పని. వారానికి రెండుసార్లు ఖిలా వరంగల్‌లోని ఈ ఇంటికి వస్తుంది. “రెండు భాషలు వచ్చినోళ్లకు ఒక్కోపారి గిట్లనే అయితది. ఒకటి ముందుగాల వస్తది, ఇంకోటి ఆగుతది.”

“రెండెక్కడియి మేడం? నా ఇంటికొచ్చి నలభై రెండేండ్లాయె. ఇంట్ల ఉర్దూ తప్ప ఇంకోటి లేదు. తెలుగును తొర్రూరు దిక్కు తల్లిగారింట్లనే ఇడిసిపెట్టొచ్చింది.”

“ఇడిసిపెట్టలే చాచా. గదే ఇప్పుడు నోట ఎల్లింది.”

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. తనతో కాపురం చేసిన భాష పోయి, తానెవరో ఆమెకు తెలియని రోజుల భాష మిగిలింది. దాంతోపాటు తననూ ఎక్కడో పారేసుకుందేమోనని దిగులు. పొద్దున్నే ‘అజీ సునో’ అని పిలిచే ఆ గొంతు కోసం మూడు నెలలుగా ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

“దినాం ఓ గంట చెయ్యి పట్టుకొని, వేళ్లు సాపుకుంట, తెలుగులనే మాట్లాడున్రి,” అంది ప్రేమలత లేస్తూ. “ఉర్దూ నోట ఎల్లిననాడు నాకు చెప్పున్రి. ఇగ ఆ కసరత్తు బంద్ చేద్దాం.”

ఫకీర్ మహమ్మద్‌కు తెలుగు రాక కాదు. చౌరస్తాలో ఆయనది గాజుల కొట్టు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెలుగు ఆడవాళ్లే. కానీ పెళ్లాంతో తెలుగేమిటి? ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

“తబస్సుమ్, చాయ్ లా,” అని కోడలి మీద కేకేసి, స్టూలు మంచం దగ్గరికి జరుపుకున్నాడు. సుల్తానా కుడి పిడికిలి బిగుసుకుపోయి ఉంది. అది చేతిలోకి రాగానే ఆయన నాలుక దానంతటదే కొట్లోకి నడిచింది.

“చెయ్యి జర మెత్తగ ఇడువమ్మా... గట్టిగ పట్టొద్దు. బొటనేలు లోపటికి మలువు. నొప్పైతే చెప్పు, ఆగుత. ఐపాయె, ఐపాయె...”

భార్యను అమ్మా అన్నానేమిటని నాలుక కరుచుకున్నాడు. సుల్తానా మూతి ఓ పక్కకు వంగి నవ్వింది. పిడికిలి కొంచెం వదులైంది.

మర్నాటి నుంచి అదే పని. మధ్యాహ్నం కొట్టు కట్టేసి వచ్చి కూర్చునేవాడు. వేళ్లు ఒక్కొక్కటే చాపుతూ, కొట్లో ఆడవాళ్లను మాటల్లో పెట్టినట్టే పెట్టేవాడు. “తిన్నవా? కూరల ఉప్పు సరిపోయిందా? ఇయ్యాల మీ తొర్రూరు దిక్కు పెండ్లోళ్లు వచ్చిండ్రు. పిల్ల చెయ్యి అచ్చం నీ చెయ్యి లెక్కనే సన్నగుంది.” గంట ఎప్పుడు దాటిపోయేదో ఆయనకే తెలిసేది కాదు.

ఒకరోజు డజను ఆకుపచ్చ గాజులు తెచ్చాడు. ఒక్కటీ పగలకుండా పన్నెండూ ఎక్కించాడు. సుల్తానా చెయ్యి కళ్ల ముందు పెట్టుకుని చాలాసేపు చూసుకుంది.

“మంచిగున్నయి,” అంది.

ఆయన కడుపు నిండింది. అయినా లేచేటప్పుడు రోజూ అడిగేదే మళ్లీ అడిగాడు. “అజీ అను. ఒక్కపారి.”

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ పిలుపు ఇక వినకుండానే పోతానేమో అనుకుంటూ ఆయన బయటికి వచ్చి కళ్లు తుడుచుకున్నాడు.

శుక్రవారం నమాజుకు బయల్దేరాడు. సందు చివరి దాకా పోయాక తలమీద టోపీ లేదని గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల ఎవరో ఉర్దూ మాట్లాడుతున్నారు. తబస్సుమ్ గొంతు కాదు. ఫకీర్ మహమ్మద్ చెవి ఒగ్గాడు.

“ఆహిస్తా బోలో బేటీ,” అని కోడలిని మెల్లగా మాట్లాడమంటోంది సుల్తానా. ఆ తర్వాతా ఉర్దూయే, ఒక్క ముక్క తడబడకుండా. “ఈ గంట మొదలైన వారానికే నాకు ఉర్దూ తిరిగొచ్చింది. మీ మామకు చెప్పకు. ఈ ఉర్దూలో నలభై రెండేళ్లు ఏం విన్నాను? చాయ్ తే, తలుపెయ్యి, చప్పుడు చెయ్యకు. కొట్టు ముందు నుంచి పోతుంటే వినపడేది, ఊళ్లో ఆడవాళ్లందరి చేతులూ పట్టుకుని ఎంత మెల్లగా మాట్లాడతాడో, ఆ తెలుగులో. నాకు మాత్రం జత తప్పిన గాజులు తెచ్చి అల్మారాలో పడేసేవాడు. నా చేతికి నేనే ఎక్కించుకున్నాను. ఇప్పుడు ఉర్దూ వచ్చిందని తెలిస్తే ఆ మేడం నా గంట బంద్ చేస్తుంది.”

లోపలికి వేయబోయిన అడుగు గడప మీదే ఆగిపోయింది. అంతలో ఆయన జేబులో ఫోన్ మోగింది. లోపల మాటలు టక్కున ఆగాయి.

“చాచా, చాచికి ఉర్దూ ఏమన్న ఎల్లిందా?” ప్రేమలత అడిగింది.

ఫకీర్ మహమ్మద్ గొంతు సవరించుకుని, లోపలికి వినపడేటట్టు తెలుగులో అన్నాడు. “ఒక్క ముక్క ఎల్లలే మేడం. గంట సాల్తలేదు, ఇగ నుంచి రెండు గంటలు చెయ్యమంటరా?”