మందు లేని షెడ్డు

ఇనుప పైపు జోగయ్య మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు దాణా మూటల దగ్గరున్న కదిరమ్మకు వినిపించింది.

“మందు డబ్బా యాడుండాదిరా?” పిల్లప్ప మళ్లీ అడిగాడు.

“పారేసినా.”

“మూడువేల కోళ్లను వెల్లుల్లి, వేపాకు పెట్టి సాకుతావా? నిన్ను చూసి యలహంక చుట్టూ షెడ్లోళ్లంతా నా దగ్గర మందు కొనేది మానేసినారు కదరా!”

రేపు పొద్దున కోళ్ల కంపెనీ వాళ్లు వస్తారు. కోళ్లనూ నీళ్లనూ పరీక్షకు తీసుకుపోతారు. యాంటీబయాటిక్ మందు జాడ లేకపోతే ఏడాది ఒప్పందం. ఉంటే జోగయ్య, కదిరమ్మ షెడ్డు ఖాళీ చేయాల్సిందే. పిల్లప్పకు కావలసింది అదే. పోయిన బ్యాచ్‌కు తాను అమ్మిన మందు డబ్బాలో సగం ఇక్కడే మిగిలిందని అతనికి తెలుసు.

రెండో దెబ్బ నోటి మీద తగిలింది. రెండు పళ్లు వరిపొట్టులో పడ్డాయి. కోళ్లు బెదిరి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

“వద్దు పిల్లప్పన్నా! సచ్చిపోతాడు!”

కాళ్లు పట్టుకున్న కదిరమ్మ అరుపు పైన పోతున్న విమానం హోరులో కలిసిపోయింది. పిల్లప్ప ఆమెను జుట్టు పట్టి లేపాడు.

“మొగుడు చెప్పడంట. నువ్వు చెప్తావా?” పైపు ఆమె తలపైకి లేచింది.

“దాన్ని ఇడ్సు.” జోగయ్య నెత్తురు ఉమ్మాడు. “మూటల ఎనక ఉండాది.”

పిల్లప్ప నవ్వాడు. “ఇంత దానికి పళ్లు రాలగొట్టుకుంటివే అప్పా!”

డబ్బా తెచ్చి నీళ్ల డ్రమ్ములో ఒక్కసారిగా బోర్లించాడు. పైపుతోనే కలిపాడు. నీళ్లు ఎప్పుడూ మందు కలిపినట్టే పసుపచ్చగా మారాయి. కోళ్లు తాగడం కళ్లారా చూసి, “పొద్దున వస్తా, తమాషా చూసేదానికి” అంటూ బైకెక్కాడు.

బైకు చప్పుడు దూరమయ్యేదాకా కదిరమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. తర్వాత ఏడుపు ఆపి, కొంగు తడిపి మొగుడి నోరు తుడిచింది.

“తొలి దెబ్బకే చూపించింటే పళ్లన్నా మిగిలేవి కదయ్యా.”

“తొలి దెబ్బకే చూపించింటే, వాడు అనుమానంతో వాసన చూసేవాడే.”

మందు పారబోసి, ఆ డబ్బాలో పొద్దున కదిరమ్మ నింపింది పసుపు.