మలుపు అవతలి గోడ

రోడ్డు మలుపులో బండి గుద్ది కాలు పోగొట్టుకున్న ముసలాయనకు నష్టపరిహారం రావాలంటే, ఆ మలుపు ప్రమాదకరమైనదని కోర్టులో నిరూపించాలి. లాయరమ్మ పోలీసుల లెక్కలు తెప్పించింది. ఊరు మొత్తంలో ఎక్కువ ప్రమాదాలు అక్కడే, అన్నీ చీకటి పడ్డాకే. వీధి దీపం వెలగకపోవడమే కారణమనుకుని, ఫొటో తీయడానికి రాత్రి ఒక్కతే వెళ్లింది.

తీరా చూస్తే రోడ్డంతా పట్టపగల్లా ఉంది.

ఆమె నీరుగారిపోయింది. దెబ్బలు తిన్నవాళ్లంతా రోడ్డు దాటుతున్నవాళ్లే. అవతల ఉన్నది తలుపైనా లేని పొడవాటి గోడ. దానివైపు ఎందుకు దాటినట్టు? ఆ మాట అడిగితే ముసలాయన కూడా ముఖం తిప్పుకున్నాడు.

భర్తకు ఫోన్ చేసింది. "ఏమండీ, దీపం బాగానే వెలుగుతోంది. నా కష్టమంతా నీళ్లపాలైంది."

"సరేలే, ముందు ఇంటికి రా. పాప నిద్రపోనంటోంది."

అంతలో గోడ దగ్గర్నుంచి "అమ్మా!" అని వినిపించింది. పాప గొంతే.

"పాప ఎక్కడుందండీ?"

"నా ఒళ్లోనే ఉంది. ఏం?"

పిలుపు ఏడుపుగా మారింది. మలుపు వెనక నుంచి లారీ చప్పుడు దగ్గరవుతోంది. పాప ఇంట్లోనే ఉందని ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఒక కాలు రోడ్డు మీదికి దించింది.