ఒడ్డున ఒంటరి మనిషి

ఎగ్జిబిషన్‌లో సముద్రం బొమ్మ ముందు కళావిమర్శకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంత సముద్రం! మనవైపు వీపు పెట్టి ఒడ్డున నిలబడ్డ ఆ చిన్న మనిషి! అబ్బ, ఎంత ఏకాంతం! అది మీరే కదూ, సార్?"

చిత్రకారుడు వినయంగా తల వంచుకున్నాడు.

"అది నేనండీ," అంది పక్కనే ఉన్న భార్య. "కదలొద్దు, వెనక్కి తిరగొద్దు అన్నారు. పొద్దు గూకుతుంటే ఇక ఉండబట్టలేక తిరిగి చూశాను, మనిషి లేరు. బొమ్మ అయిపోయిందని అన్నీ సర్దుకుని ఇంటికెళ్ళిపోయారు. రంగులు, కుంచెలు, మడత కుర్చీ, ఏదీ మర్చిపోలేదు. నన్నే మర్చిపోయారు."

విమర్శకుడు చిత్రకారుడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అయ్యో! అంత దూరం ఒక్కరే వెళ్ళారా, సార్?"