ఉయ్యాల తాడు

“కుక్కర్ రిపేరీ! గ్యాస్ స్టవ్ రిపేరీయ్!”

అప్పుడే కన్నంటుకున్న పాప ఆ కేకకు ఉలిక్కిపడి లేచింది. ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు అందుకుంది.

ముప్పావుగంట ఊపిన సుమకు ఒళ్ళు మండింది. పాపను భుజాన వేసుకుని గడప దాటి వచ్చింది.

“ఏం తాతా, ఆండర్సన్‌పేటంతా చెవుడనుకుంటివా? ఎంత కష్టపడి పడుకోబెట్టినానో తెలుసా?”

వీధిలో పోతున్న ముసలాయన నిలబడిపోయాడు. డెబ్బై దాటి ఉంటాయి. భుజాన పనిముట్ల సంచి, చొక్కా నిండా మసి.

“తప్పయిందమ్మా. లోపల పసిబిడ్డ ఉండాదని తెలీదు.”

“ఇంగ సాయంత్రం దాకా పడుకోదు. నీకేం, నువ్వు పోతావు.”

ఆ కోపమంతా ముసలాయన మీదే కాదు. సోమవారం సుమ బంగారుపేటలో బడికి వెళ్ళాలి. కాన్పు సెలవు అయిపోయింది. వెళ్ళకపోతే టీచరు ఉద్యోగం మళ్ళీ దొరకదు. పాప చూస్తే భుజం మీద తప్ప పడుకోదు. ఉయ్యాలలో వేసి ఊపితే కళ్ళు మూస్తుంది, ఉయ్యాల ఆగిందంటే తెరుస్తుంది. అత్త అక్కయమ్మకు మోకాళ్ళ నొప్పి, బిడ్డను ఎత్తుకుని తిరగలేదు. ఉద్యోగమా, పాపా అని ఇంట్లో ఎవరూ అడగలేదు గానీ, జవాబు మాత్రం అందరికీ తెలిసినట్టే ఉంది.

“నేను లేపినాను. నేనే పడుకోబెట్టి పోతానమ్మా” అన్నాడు ముసలాయన.

సుమకు కోపంలోనూ నవ్వొచ్చింది.

“ఇది కుక్కర్ కాదు తాతా, గ్యాస్కెట్ మారిస్తే ఊరుకునేకి.”

“బిడ్డను ముట్టను. ఉయ్యాల తాడు ఇయ్యి, చాలు.”

ముక్కూ ముఖం తెలియని మనిషి. అత్త చూస్తే రేషన్ షాపుకు పోయింది. కానీ సుమ చేతులు పడిపోతున్నాయి. పాపను చీర ఉయ్యాలలో వేసి, తాను పక్కనే కూర్చుని, తాడు కొస బయటికి ఇచ్చింది.

ముసలాయన కొళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అక్కణ్ణుంచి ఉయ్యాల కనబడదు. తాడుకు ఒక గుడ్డపీలిక ముడేశాడు. గడప మీద సుద్దతో రెండు గీతలు గీశాడు.

“బిడ్డను చూడకుండా ఎట్ల ఊపుతావు?”

“లోపలుండేవాళ్ళను నేనెప్పుడూ చూసినవాణ్ణి కాదు తల్లీ. గుర్తు చూస్తే చాలు.”

తలుపు చెక్క మీద వేలితో మూడు దెబ్బలు కొట్టాడు. తర్వాతే తాడు లాగాడు.

గుడ్డపీలిక ఈ గీత నుంచి ఆ గీతకు, ఆ గీత నుంచి ఈ గీతకు. పది నిమిషాలకు ఏడుపు మూలుగైంది. ఇంకో పదికి అదీ లేదు. సుమ అలవాటుగా ఉయ్యాల పట్టుకుని ఆపబోయింది. గాజులు గలగలమన్నాయి.

“చెయ్యి పెట్టొద్దు!” బయటినుంచి గొంతు తగ్గించి కసిరాడు. “ఊపేకి ఎవరైనా ఊపుతారు. నిలిపేదే పని. గబుక్కున నిలిపితే లోపలుండేవాళ్ళకు గుండె జారుతాది. నిలిచింది తెలీకుండా నిలపాల.”

గుడ్డపీలిక గీతలను అందుకోవడం మానింది. జానెడు కదిలింది. బెత్తెడు. వేలెడు. ఉయ్యాల ఎప్పుడు ఆగిందో పక్కనున్న సుమకే తెలియలేదు.

పాప నోరు కొంచెం తెరిచి, హాయిగా నిద్రపోతోంది.

సుమకు ఎగిరి గంతేయాలనిపించింది.

“రేపట్నుంచి నువ్వు లాగమ్మా. గీతల మీద కన్ను పెట్టు” అంటూ లేచిన ముసలాయన, తలుపులోంచి గోడ మీది ఫోటో చూసి ఆగాడు. “ఎవరు తల్లీ?”

“మా మామ చౌడప్ప. బంగారు గనిలో పని చేసినాడు. పోయినేడు పోయినాడు.”

“ఎట్ల?”

“వయసైపోయి. మంచం మీదనే.”

“మంచం మీదనా!” ముసలాయన ముఖం వెలిగింది. “సంతోషం తల్లీ.”

చావుకు సంతోషమేమిటని సుమ నొచ్చుకుంది. అయినా కాఫీ తాగి పొమ్మంది. వద్దన్నాడు.

“పేరైనా చెప్పు తాతా.”

“బచ్చప్ప. ఈ పేట దాటేదాకా కేక వెయ్యనులే, బిడ్డ లేస్తాది” అని చెప్పులు చేత పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

గంట తర్వాత అక్కయమ్మ వచ్చింది. పాప ఇంకా లేవలేదు.

“అత్తా, మెల్లగా!” సుమ గొంతులో పండగ. “గంటాయె పడుకుని! సోమవారం నేను బడికి పోతా. నువ్వు కూర్చున్న చోటునుంచే తాడు లాగొచ్చు.”

జరిగిందంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది.

“మూడు దెబ్బలు కొట్టినాడా?” అక్కయమ్మ రేషన్ సంచి దించకుండానే అడిగింది.

“మూడే.”

“గనిలోకి మనుషులను దింపే ఇనుప బోను ఉంటాది, కేజీ అంటారు. దానికి మూడు బెల్లులు కొడితే, లోపల మనుషులుండారు, పదిలం అని. మీ మామ చెప్తా ఉండె. పేరేమన్నాడు?”

“బచ్చప్ప.”

భర్త నోట ఎన్నోసార్లు విన్న పేరు అది. అక్కయమ్మ మోకాళ్ళ నొప్పి మరిచి వీధిలోకి పరుగెత్తింది. ఈ మూలా ఆ మూలా చెవి ఒగ్గింది. ఎక్కడా కేక వినబడలేదు. మాట ఇచ్చిన మనిషి, మాట మీదే వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చేసరికి పాప కదులుతోంది. అక్కయమ్మ కళ్ళు తుడుచుకుని వాకిట్లో కూర్చుంది. తలుపు మీద మూడు దెబ్బలు కొట్టి తాడు లాగింది. గీతలు చూస్తూ, లాగుతూ, తగ్గిస్తూ, నిలిపింది.

పాప మళ్ళీ నిద్రపోయింది.

“ఎవరత్తా ఆయన?” సుమ గుసగుసగా అడిగింది.

“గని పైన యాడో ఇంజన్ రూములో కూర్చుని, ఆ కేజీ తాడు ఆడించి, ఇరవై ఏడేండ్లు మీ మామను పాతాళానికి దించి, ముఖమైనా చూడకుండా, దినమూ ప్రాణంతో నాకు తెచ్చి ఇచ్చిన చెయ్యి తల్లీ అది.”