వేసవి సంచికకి ఒక దేవకన్య

ముందే ఒప్పేసుకుంటున్నా: దేవకన్యల కథలంటే నాకు అస్సలు పడదు. అయినా ఇది చెప్పకుండా ఉండలేకపోతున్నా. విన్నాక మీ కాలనీలో జరిగినవీ చెప్పండి, పిచ్చి నా ఒక్కదానికే కాదని ధైర్యంగా ఉంటుంది.

"కొట్టెయ్! అంతా కొట్టెయ్!" అన్నాడు వెంకటరత్నం.

ఊర్మిళ ఎర్ర పెన్ను తీసింది. "ఇందులో తప్పేముంది బాబాయిగారూ?"

"దేవకన్య ఒంటి నుంచి మల్లెపూల వాసనొచ్చిందట! మల్లెపూలేమిటి, నా మొహం! తొలకరి పడబోయే ముందు మట్టి వాసన వస్తుంది చూడు, అదీ వాసన."

"మీరు చూశారేంటి?"

"సాహిత్యంలో అంతే!" అని కసిరాడు ఆయన.

ఆ ఏడు, అంటే తొంభై ఎనిమిదిలో, రాయ్‌పూర్‌లోని ఒక తెలుగు సంఘం వేసవి ప్రత్యేక సంచిక తలపెట్టి దేవకన్యల మీద కథలు, కవితల పోటీ పెట్టింది. సర్వే డిపార్టుమెంటులో రిటైరైన వెంకటరత్నం న్యాయనిర్ణేత. కంప్యూటర్ డిప్లొమా చేసి, టాటీబంధ్‌లో రేకుల గదిలో డీటీపీ సెంటర్ పెట్టుకున్న ఊర్మిళ ఆ సంచికకి టైపిస్టు. పోటీలో ఆమె కథ కూడా ఉంది. సాహిత్యం మీద ప్రేమేమీ కాదు. మొదటి బహుమతి కూలర్. మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి రేకుల కింద ఆమె కంప్యూటర్ గుడ్లు తేలేస్తోంది. ఇలాగే ఉంటే షట్టర్ దించేసి ఇంటికెళ్లాల్సిందే.

బయట ఎండ నలభై ఆరు డిగ్రీలు. వచ్చిన కవితల్లో మాత్రం ఆగకుండా మంచు కురుస్తోంది. తెలీబంధా చెరువులో మోకాలి లోతు బురద తప్ప ఏమీ మిగల్లేదు. కవుల దేవకన్యలు మాత్రం అందులోకే దిగి వెన్నెల్లో జలకాలాడుతున్నారు. ఒకావిడ రాసిన దేవకన్య అయితే వడదెబ్బ తగలకుండా కొంగులో ఉల్లిపాయ కట్టుకుని మరీ దిగింది.

వెంకటరత్నం ఇంట్లో మాత్రం హాయిగా ఉంది. కిటికీకి పెరటి వైపు బిగించిన పాత కూలర్ ఊటీ గాలి కొడుతోంది. కాలనీలో రెండు రోజులుగా నీళ్ల ట్యాంకర్ రాలేదు. కూలర్ తొట్టి ఎండిపోయి ఉండటం ఊర్మిళ వస్తూ వస్తూ చూసింది. తొట్టిలో చుక్క నీరు లేకుండా చల్లగాలి ఎలా వస్తోందో ఆమె చదివిన చదువుకి అంతుపట్టలేదు. అడిగితే, "పాతకాలం సరుకమ్మా" అన్నాడాయన. మెకానిక్‌ని దగ్గరికి రానివ్వడు. ఏటా వట్టివేళ్ల తడికలు ఆయనే, పెరటి తలుపు గడియ పెట్టుకుని మరీ మారుస్తాడు. పిసినారితనమని కాలనీ అంతా నవ్వుకుంటుంది.

ఆయన భార్య ఆండాళమ్మ మామిడికాయ పానకం తెచ్చి పెట్టింది. ఎండలో కాగిన పెరట్లోంచి చెప్పుల్లేకుండా వచ్చింది. నుదుటి మీద చెమట చుక్క లేదు.

"పిన్నీ, ఈ ఎండలకి పుట్టింటికి వెళ్లిరాకూడదూ?"

"చాలా దూరమమ్మా. అక్కడికి రైల్లేదు."

"ఏటి ఒడ్డున ఆరంగ్‌లో డ్యూటీ చేసేటప్పుడు చేసుకున్నాను దీన్ని" అన్నాడు వెంకటరత్నం, గ్లాసు అందుకుంటూ. "నలభై ఏళ్లయింది, ఇప్పటికీ పప్పులో ఉప్పెంతో తెలీదు."

ఆండాళమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆయన ఊర్మిళ కథ తీశాడు. ఏటి ఒడ్డున దేవకన్య చీర దొంగిలించి, దాచేసి, ఆవిడని పెళ్లాడిన మనిషి కథ. చదువుతూ తల ఊపుతున్నవాడు చివరి పేజీలో బిగుసుకుపోయాడు.

"చీర... కూలర్లో దాస్తాడా?"

"వట్టివేళ్ల తడిక వెనకాల. మీరు మీ కూలర్‌ని ఎవర్నీ ముట్టుకోనివ్వరు కదా, అలా తట్టింది."

"అవాస్తవం! కూలర్లో చీర తడిసి కుళ్లిపోదూ?"

"దేవతల చీర కదా, తడవదేమో."

"ఎవరు చెప్పారు నీకు?" అని అరిచాడాయన. తర్వాత సర్దుకుని, గొంతు తగ్గించాడు. "చూడమ్మా, ముగింపు మార్చెయ్. చీర దొరక్కూడదు. ఆవిడ పప్పు వండుకుంటూ సుఖంగా ఉండిపోవాలి. మారిస్తే ఫస్ట్ ప్రైజ్ నీదే."

ఊర్మిళకి తన రేకుల గది గుర్తొచ్చింది. "సరే, మార్చేస్తా."

ఆమె మనసు మారకముందే సంఘం సెక్రటరీ గురునాథానికి ఫోన్ చేసి ఫలితం చెప్పెయ్యాలని, వెంకటరత్నం గొడుగేసుకుని ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తాడు.

వంటింట్లోంచి ఆండాళమ్మ వచ్చింది. "ఏదో మార్చమంటున్నారు. మార్చకముందు ఏముందో చదువమ్మా."

ఊర్మిళ చదివి వినిపించింది. ఆవిడ చూపు కూలర్ వైపు తిరిగింది.

"స్క్రూడ్రైవర్ ఉందా నీ దగ్గర?"

అది ఊర్మిళ సంచిలో ఎప్పుడూ ఉంటుంది. "కూలర్ పాడైందా పిన్నీ?"

"లేదులే. ఊరికే ఓసారి చూద్దామని."

పెరట్లో మరలు ఊడుతున్న చప్పుడు. ఉన్నట్టుండి గదిలోకి సెగ కొట్టింది. కూలర్ ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది.

అప్పుడే వెంకటరత్నం వచ్చాడు. "చెప్పేశాను! కూలర్ నీదే..." మొహానికి వేడిగాలి తగలగానే ఆగిపోయాడు. "కూలర్ ముట్టుకున్నదెవరు?"

"పిన్నిగారు..."

గొడుగు జారవిడిచి పెరట్లోకి పరిగెత్తాడాయన. "ఆండాళూ! ఒక్క మాట విను! పప్పు గురించి ఇంకెప్పుడూ నోరెత్తను!"

మొగుడూ పెళ్లాల గొడవలో తనెందుకని ఊర్మిళ నవ్వు ఆపుకుంటూ గుమ్మం దాకా వెళ్లింది. కూలర్ వెనక తడిక ఊడి కింద పడుంది. దాని పక్కనే తన స్క్రూడ్రైవర్. ఆయన తప్ప పెరట్లో ఎవరూ లేరు.

"పప్పు పొయ్యి మీదుంది" అంది ఆండాళమ్మ. "మాడకముందే దింపుకోండి."

ఆ గొంతు ఆకాశంలోంచి వచ్చింది.