ఎడమ మోకాలు

ఆ పెద్దాయన టైలరమ్మ కుట్టుమిషను ఎదురుగా బల్ల మీద కూర్చోవడం మొదలై నెల దాటింది.

ఎవరో, ఏమిటో తెలీదు. వీధి చివర గది అద్దెకు తీసుకున్నాడు. మొదటిరోజు ఏదో పంట్లాం పొట్టి చేయించుకోవడానికి వచ్చి, ఎడమ మోకాలు పట్టుకుని ఉస్సురంటూ కూలబడ్డాడు. టైలరమ్మ జాలిపడి వేడినీళ్ళ సంచి ఇచ్చింది. ఇంకేముంది, రోజూ రావడమే.

పెద్ద మాటకారేం కాదు. వినడంలో మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా. చెప్పులు కుట్టే తాత తన దగ్గు గోల వినిపించాడు. రొట్టెల కొట్టు వదిన కొడుక్కి ఉద్యోగం రాలేదని ఏడ్చింది.

ఒకరోజు టైలరమ్మ కూడా గుండె బరువు దింపుకుంది. ఓడలో పనికెళ్ళాడని అందరికీ చెప్పుకునే మొగుడు జైల్లో ఉన్నాడు. కూతురికి కూడా తెలీదు. పిచ్చిపిల్ల, ఓడ బొమ్మ గీసి గోడకి అంటించుకుంది.

"నాలోనే ఉంటుందమ్మాయ్," అన్నాడు పెద్దాయన.

ఎన్నికలొచ్చాయి. నాయకుడు వీధికి రాబోయే రోజు పొద్దున దారపు ఉండల కోసం వెళ్ళిన టైలరమ్మ కళ్ళారా చూసింది. పెద్దాయన పార్టీ జీపులో కూర్చుని, ఒక్కో ఇల్లూ చూపిస్తూ తెల్లచొక్కా కుర్రాడికి ఏదో చెబుతున్నాడు. వాడు పాఠంలా వల్లెవేస్తున్నాడు.

దారపు ఉండలు కొనకుండానే వెనక్కి తిరిగింది.

కాసేపటికి ఆయన ఎప్పటిలాగే వచ్చాడు, గుండీ ఊడిందని ముందురోజు ఇచ్చిన చొక్కా కోసం.

"మా బాధలు వింటున్నావనుకున్నాను బాబాయ్. మా ఓట్లు ఏరుకుంటున్నావనుకోలేదు."

"అమ్మాయ్, నీ సంగతి..."

"ఇంకో మాట వద్దు. మెట్లు దిగు."

గుండీ లేని చొక్కా ఆయన భుజాన పడేసింది. ఆయన మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి గది కూడా ఖాళీ చేశాడట.

సాయంత్రం నాయకుడు మైకు పట్టుకుని నడిచొచ్చాడు. పక్కనే తెల్లచొక్కా కుర్రాడు, చెవిలో ఊదుతూ.

దగ్గు ఎలా ఉందని తాతని అడిగాడు. తాత మురిసి ముక్కలయ్యాడు. మీ అబ్బాయి ఉద్యోగం నా పూచీ అన్నాడు. రొట్టెల వదిన అక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంత పెద్దమనిషికి మన కష్టాలన్నీ తెలుసే అని వీధంతా కరిగిపోయింది.

టైలరమ్మ తలుపేసుకుందామనుకుంది. కూతురు అప్పటికే గడపలో నిలబడి చేయి ఊపుతోంది. ఆ చిట్టి చెవులు రెండూ మూసేద్దామా అనిపించింది.

కుర్రాడు నాయకుడి చెవిలో ఊదాడు.

"చెల్లెమ్మా," మైకు వీధంతా మోగింది. "ఆ ఎడమ మోకాలి నొప్పి తగ్గిందా? నీలాంటి వాళ్ళ కోసమే ఆస్పత్రి కట్టిస్తాను."

నాయకుడు దణ్ణం పెట్టి పక్కింటికి వెళ్ళిపోయాడు.

"నీకు మోకాలి నొప్పుందా అమ్మా?" అంది కూతురు వింతగా.

"ఉందే," అంది, కళ్ళు కొంగుతో ఒత్తుకుంటూ.

పొద్దున తను మెట్లు దింపేసిన మనిషి, ఆమె గుట్టు తన కడుపులోనే దాచుకుని, తన మోకాలి నొప్పిని ఆమెదని చెప్పి వెళ్ళాడు.